ఆయన రిటైరైతే ఆవిడ బీమా సంగతేంటి? విడి హెల్త్ పాలసీ ఎంచుకునే పద్ధతి

పదవీ విరమణ రోజు శాలువా కప్పుతారు, జ్ఞాపిక ఇస్తారు, పీఎఫ్ కాగితాల మీద సంతకాలు చేయించుకుంటారు. గ్రూప్ హెల్త్ పాలసీలోంచి ఇద్దరి పేర్లూ తీసేస్తున్నామన్న మాట మాత్రం చాలా కంపెనీల్లో ఎవరూ నోరు విప్పి చెప్పరు. రెండు నెలల తర్వాత ఆస్పత్రి కౌంటర్లో కార్డు పనిచేయనప్పుడు తెలుస్తుంది.

ఇందులో ఎక్కువ నష్టపోయేది రిటైరైన మనిషి కాదు, ఆయన పేరు మీద ఇన్నాళ్లూ కవరైన జీవిత భాగస్వామి. ఉద్యోగికి ఏదో ఒక పింఛను పథకమో, పాత యాజమాన్యం సదుపాయమో దొరకొచ్చు. ఇంటావిడకు సొంతంగా పాలసీ సాధారణంగా ఉండదు. పైగా బీపీయో థైరాయిడో అప్పటికే మొదలై ఉంటుంది. అందుకని ఇక్కడ లెక్కలన్నీ ఒక జంటను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాం. విశాఖ గోపాలపట్నంలో ఉంటున్న దంపతులు, ఆయనకు 60, ఆవిడకు 55, ఆవిడకు బీపీ మాత్రలు నడుస్తున్నాయి. ఉద్యోగం చేసేది ఆవిడైతే పేర్లు తిరగేసి చదువుకోండి, లెక్క మారదు.

1. ముందు ఇంట్లో ఉన్నదేమిటో చూసుకోండి

కొత్త పాలసీ కొనేముందు మీకు హక్కుగా వచ్చేది ఏదైనా ఉందేమో తేల్చుకోవాలి. విశాఖలో ఇది యాజమాన్యాన్ని బట్టి మారిపోతుంది.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం) పింఛనుదారు కార్డు తీసుకోవచ్చు, విశాఖ ఆ పథకం ఉన్న నగరమే. పదేళ్ల చందా ఒక్కసారి కట్టేస్తే కార్డు జీవితాంతం చెల్లుతుంది, భార్య లేదా భర్త పేరూ అందులోనే ఉంటుంది. రైల్వే వాళ్లకు దొండపర్తి డివిజనల్ ఆస్పత్రితో పాటు రైల్వే వైద్య గుర్తింపు కార్డు ఉమీద్, నేవీలో చేసి వచ్చినవారికి మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్ఎస్, రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు ఉద్యోగుల ఆరోగ్య పథకం ఈహెచ్ఎస్ ఉన్నాయి. ఉక్కు కర్మాగారం, పోర్టు, బ్యాంకుల్లో చేసినవారు విరమణ తర్వాత వర్తించే వైద్య పథకం నిబంధనలు తెచ్చుకుని చదవండి. చేరడానికి గడువెప్పుడు, ఏటా ఎంత కట్టాలి, ఎంతవరకు ఇస్తారు, మీ తదనంతరం భాగస్వామికి కొనసాగుతుందా అన్న నాలుగు ప్రశ్నలకూ జవాబు రాతలో ఉండాలి.

చాలామంది వదిలేసుకునేది ఈఎస్ఐ. కనీసం 5 ఏళ్లు ఈఎస్ఐ కింద పనిచేసి వయసు రీత్యా రిటైరైతే, ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరూ వైద్య సేవలు కొనసాగించుకోవచ్చు. ఏడాదికి 120, నెలకు కాదు. పెద్ద ఆపరేషన్లకు దీన్నొక్కదాన్నే నమ్ముకోమని అనం గానీ, మల్కాపురం ఈఎస్ఐ ఆస్పత్రి దగ్గర్లో ఉండేవాళ్లకు నెలనెలా మందుల ఖర్చయినా తగ్గుతుంది.

70 నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు. 2024 అక్టోబరులో మొదలైంది. మన ఉదాహరణలో అది ఆయనకు ఇంకా పదేళ్ల దూరం, ఆవిడకు పదిహేనేళ్లు.

పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, రుషికొండ ఐటీ కంపెనీల్లో రిటైరయ్యేవారికి సాధారణంగా పై వాటిలో ఏదీ ఉండదు. మిగతాదంతా ముఖ్యంగా వారికోసమే.

భార్యాభర్తల్లో ఒకరు ఇంకా ఉద్యోగంలోనే ఉంటే వారి కంపెనీ పాలసీలో రెండోవారిని చేర్చొచ్చు కదా అనిపిస్తుంది. చేర్చొచ్చు, కానీ ఏడాది మధ్యలో కొత్త పేర్లు తీసుకోవడం చాలాచోట్ల పెళ్లి, బిడ్డ పుట్టడం లాంటి సందర్భాలకే. రిటైర్మెంట్‌ను ఆ జాబితాలో లెక్కపెట్టకపోవచ్చు. వాళ్ల పాలసీ రెన్యువల్ ఎప్పుడో కనుక్కోండి. అది ఆరు నెలల తర్వాతైతే ఆ ఆరు నెలలూ ఖాళీయే.

2. నాలుగు నెలల ముందే హెచ్‌ఆర్ దగ్గరకు వెళ్లండి

జూన్ 30న రిటైరైతే ఫిబ్రవరిలోనే కదలాలి. అడగాల్సిన మొదటి ప్రశ్న: కవర్ ఆగిపోయేది చివరి పని రోజునా, ఆ నెలాఖరునా, పాలసీ సంవత్సరం ముగిసినప్పుడా? మూడూ ఉన్నాయి, కంపెనీని బట్టి. నోటి మాట కాకుండా ఈమెయిల్‌లో తీసుకోండి.

తర్వాత ఈ కాగితాలు: గ్రూప్ పాలసీ నంబరు, బీమా కంపెనీ పేరు, ఆవిడ పేరున్న ఈ-కార్డు, ఆవిడ ఏ తేదీ నుంచి విరామం లేకుండా కవరవుతున్నారో చెప్పే ధ్రువపత్రం, ఇప్పటిదాకా చేసిన క్లెయిముల వివరాలు. గ్రూప్ పాలసీకి కంపెనీలు రెండు మూడేళ్లకోసారి బీమా సంస్థను మార్చేస్తుంటాయి. అందుకని పాత సంస్థల దగ్గరున్న ఏళ్ల కార్డులు కూడా దొరికినన్ని తీసి పెట్టుకోండి. రిటైరయ్యాక మీ ఆఫీసు ఈమెయిల్ మూసేస్తారు, పాత కార్డులన్నీ అందులోనే ఉంటాయి. ఇప్పుడే సొంత మెయిల్‌కు పంపుకోండి.

3. గ్రూప్‌లో గడిచిన ఏళ్లను పారేసుకోకండి

ముఖ్యమైన అడుగు ఇదే, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే.

కొత్తగా పాలసీ కొంటే మూడు రకాల ఎదురుచూపు ఉంటుంది. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ డబ్బు రాదు. శుక్లాలు, హెర్నియా, మూత్రపిండాల్లో రాళ్లు, మోకాలి చిప్ప మార్పిడి లాంటి పేర్లు రాసిన జబ్బులకు సాధారణంగా రెండేళ్లు. ముందునుంచీ ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు. ఇదివరకు 48 నెలలుండేది, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తగ్గించింది. అంటే ఆవిడ 55లో కొత్తగా కొంటే, బీపీకి సంబంధించిన గుండె జబ్బో పక్షవాతమో వస్తే 58 దాకా క్లెయిము దక్కకపోవచ్చు.

దీన్ని దాటే దారి మైగ్రేషన్. గ్రూప్ పాలసీ ఇచ్చిన సంస్థలోనే విడి పాలసీకి మారడానికి నిబంధనలు అవకాశమిస్తున్నాయి, గడిచిన ఏళ్లను ఎదురుచూపు కాలంలోంచి తీసేస్తారు. ఆవిడ ఆ సంస్థ దగ్గర మూడేళ్లు వరుసగా కవరై ఉంటే బీపీకి కొత్తగా నిరీక్షణ పడకూడదు. అయితే మూడు మెలికలు గుర్తుంచుకోండి.

ఈ లెక్క పాత మొత్తానికే వర్తిస్తుంది. గ్రూప్‌లో 3 లక్షలుండి ఇప్పుడు 10 లక్షలు తీసుకుంటే, పెరిగిన 7 లక్షలకు నిరీక్షణ మళ్లీ మొదటి నుంచీ.

మైగ్రేషన్ అంటే అడగ్గానే ఇచ్చేది కాదు. సంస్థ వైద్య పరీక్షలు చేయిస్తుంది, ప్రీమియం పెంచుతుంది, కాదని కూడా అనొచ్చు. అందుకే నాలుగు నెలల ముందు అన్నాం. కాదంటే ఇంకో చోట అడగడానికి వ్యవధి ఉంటుంది.

మూడోది, గ్రూప్ కవర్ ఆగిన తర్వాత దరఖాస్తు పెడితే కొనసాగింపు దక్కించుకోవడం కష్టం. కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చేతికిచ్చి, తేదీతో రసీదు తీసుకోండి. ఏజెంటు 'తర్వాత చూద్దాం సార్' అంటే వినకండి. కొత్త పాలసీ అమ్మితే అతనికి పని సులువు, మైగ్రేషన్ అంటే కాగితాల తిరుగుడు.

ఆ సంస్థ మీకు నచ్చకపోయినా ముందు దానిలోకే మారండి. ఒక ఏడాది గడిచాక పోర్టబిలిటీ మీద నచ్చిన చోటికి ఏళ్ల లెక్కతో సహా వెళ్లొచ్చు. పాత సంస్థ వివరాలు 72 గంటల్లో ఇవ్వాలి, కొత్తది అవి అందిన 5 రోజుల్లో తేల్చి చెప్పాలి.

ఇంకా 57, 58లో ఉండి ఇది చదువుతున్నవారు అదృష్టవంతులు. ఆఫీసు పాలసీ ఉండగానే ఆవిడ పేరున చిన్నదైనా విడి పాలసీ ఒకటి మొదలుపెట్టండి. రిటైరయ్యే నాటికి నిరీక్షణ పూర్తిగానో చాలావరకో గడిచిపోయి ఉంటుంది.

4. ఇద్దరికీ ఒకటా, చెరొకటా?

ఈ వయసులో చెరొకటే మేలన్నది మా అభిప్రాయం. ఇద్దరికీ కలిపి ఒకే మొత్తం ఉండే ఫ్లోటర్ పాలసీలో ప్రీమియం పెద్ద వయసు మనిషిని బట్టి పడుతుంది, అంటే 55 ఏళ్ల ఆవిడ 60 ఏళ్ల లెక్కలో ఇరుక్కుంటారు. ఆయనకు స్టెంట్ పడి మొత్తం ఖర్చయిపోతే ఆ ఏడాది మిగతా నెలలు ఆవిడకు ఏమీ మిగలకపోవచ్చు. అయిపోయిన మొత్తాన్ని మళ్లీ నింపే రీఫిల్ సదుపాయం ఉందంటారు, అదే జబ్బుకు మళ్లీ ఇస్తారా, వేరే జబ్బుకేనా అన్నది చూడాలి. ఫ్లోటర్ చవక అన్నది నిజమే, చిన్న వయసు కుటుంబాల్లో.

వయసు మెట్లు కూడా చూసుకోండి. చాలా సంస్థల రేటు పట్టికలో 55 నుంచి 56కీ, 60 నుంచి 61కీ ప్రీమియం ఒక్కసారిగా ఎగురుతుంది. ఆవిడ పుట్టినరోజు వచ్చే నెలలో ఉంటే ఈ నెలలోనే పాలసీ మొదలయ్యేలా చూడండి.

60 దాటినవారి ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతం మించి పెంచాలంటే సంస్థలు ముందుగా తనను సంప్రదించాలని ఐఆర్‌డీఏఐ 2025 జనవరిలో ఆదేశించింది. ఆయనకు అది రక్షణ, 55లో ఉన్న ఆవిడకు ఇంకా కాదు.

5. ఎంత మొత్తానికి?

ఒక్కొక్కరికి 5 లక్షల మూల పాలసీ, దానిమీద 5 లక్షల డిడక్టిబుల్‌తో (ఖర్చు అంత దాటాకే డబ్బివ్వడం మొదలయ్యే గీత) 15 లేదా 20 లక్షల సూపర్ టాప్-అప్. పింఛను మీద బతికే ఇంటికి ఇది మోయగలిగిన పద్ధతి. నేరుగా 20 లక్షల మూల పాలసీ కంటే సాధారణంగా చాలా తక్కువలో అవుతుంది.

టాప్-అప్‌కూ సూపర్ టాప్-అప్‌కూ తేడా తెలియక దెబ్బతినేవాళ్లున్నారు. ఒక ఏడాదిలో ఆవిడ రెండుసార్లు ఆస్పత్రిలో చేరారనుకోండి, బిల్లులు 4 లక్షలు, 3.5 లక్షలు. మొత్తం 7.5 లక్షల్లో మూల పాలసీ 5 ఇస్తుంది. మిగిలిన 2.5 లక్షలు సూపర్ టాప్-అప్ ఇస్తుంది, ఎందుకంటే అది ఏడాది మొత్తాన్ని కలిపి చూస్తుంది. మామూలు టాప్-అప్ ఒక్కో బిల్లును విడిగా చూస్తుంది. రెండు బిల్లుల్లో ఏదీ 5 లక్షలు దాటలేదు కాబట్టి పైసా రాదు. పేరులో 'సూపర్' ఉందో లేదో కాదు, డిడక్టిబుల్ ఏడాదికా, క్లెయిముకా అన్నది పాలసీ కాగితంలో చూడండి.

6. కొన్ని వాక్యాలు వేలు పెట్టి చదవాలి

బ్రోచర్ పక్కన పడేసి, ఐఆర్‌డీఏఐ తప్పనిసరి చేసిన కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అడగండి. చూడాల్సినవన్నీ అందులో ఉంటాయి.

మొదట గది అద్దె పరిమితి. 5 లక్షల పాలసీలో 'మొత్తంలో 1 శాతం' అని రాసుంటే రోజుకు 5,000. ఆస్పత్రిలో 8,000 గది తీసుకుని నాలుగు రోజులున్నారు. మీ అంచనా: రోజుకు 3,000 చొప్పున 12,000 మనం పెట్టుకుంటే సరిపోతుంది. జరిగేది ఇది. బిల్లులో గది 32,000, సర్జన్, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,60,000, మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ 1,20,000, మొత్తం 3,12,000. గదికి 20,000 ఇస్తారు. సర్జన్, థియేటర్, నర్సింగ్ ఖర్చుల్నీ అదే నిష్పత్తిలో, ఎనిమిదింట ఐదు వంతులకు కోసి 1,00,000 ఇస్తారు, ఎందుకంటే పెద్ద గదిలో ఉంటే ఆ చార్జీలూ పెరుగుతాయన్నది వాళ్ల వాదన. మందులు, పరీక్షలు, ఇంప్లాంట్ మీద ఈ కోత పెట్టకూడదని నిబంధన, కాబట్టి 1,20,000 పూర్తిగా. వచ్చేది 2,40,000. మీ జేబులోంచి 12,000 కాదు, 72,000.

దానిమీద 20 శాతం కో-పే (ప్రతి క్లెయిములో మీరు భరించాల్సిన వాటా) కూడా ఉంటే ఆ 2,40,000లో ఇంకో 48,000 పోతుంది. ఇప్పుడు మీ వాటా 1,20,000. పెద్ద వయసువారి పాలసీల్లో కో-పే తరచూ కనిపిస్తుంది, ప్రీమియం తక్కువగా కనబడేది అందుకే. గది పరిమితి లేనిది, లేదా కనీసం 'సింగిల్ ప్రైవేట్ ఏసీ గది' అని రాసున్నది తీసుకోండి. కో-పే తప్పకపోతే 10 శాతం దాటనివ్వకండి.

విశాఖవాళ్లు ప్రత్యేకంగా చూడాల్సింది జోన్. కొన్ని సంస్థలు ఊళ్లను జోన్లుగా విడదీసి రేటు కడతాయి. విశాఖ చిరునామా మీద ప్రీమియం తక్కువ పడితే సంతోషమే, కానీ పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉండి ఆపరేషన్ అక్కడ చేయిద్దామంటే, పై జోన్‌లో వైద్యానికని అదనపు కో-పే వేసే పాలసీలున్నాయి. నెలల తరబడి పిల్లల దగ్గర ఉండేవారు జోన్ నిబంధన లేని పాలసీ చూసుకోవడం మంచిది.

శుక్లాల ఆపరేషన్‌కు కంటికి ఇంతేనన్న పరిమితి తరచూ ఉంటుంది. ఉదాహరణకు అన్ని సాధారణ బీమా, ఆరోగ్య బీమా సంస్థల దగ్గరా ఒకే నిబంధనలతో దొరికే ఆరోగ్య సంజీవని పాలసీలో పాలసీ మొత్తంలో 25 శాతం, లేదా 40,000, ఏది తక్కువైతే అది. ఆ పాలసీలోనే గది అద్దెకు 5,000 పరిమితి, 5 శాతం కో-పే ఉన్నాయి. ఎక్కడా దొరకనివారికి గుడ్డిలో మెల్ల.

గ్లౌజులు, మాస్కుల్లాంటి చిల్లర వస్తువులకు డబ్బివ్వరు. వాటికీ డబ్బిచ్చే అదనపు సదుపాయం, కన్స్యూమబుల్స్ రైడర్, తక్కువలో వస్తే తీసుకోండి. పొదుపుగా చూడాల్సినచోట ఉచిత హెల్త్ చెకప్, జిమ్ డిస్కౌంట్ లాంటి ఎరలకు పడకండి.

7. ఆస్పత్రుల లెక్క

ఆరిలోవ అపోలో, రాంనగర్ కేర్, వెంకోజీపాలెం మెడికవర్, షీలానగర్ కిమ్స్ ఐకాన్, రాక్‌డేల్ లేఅవుట్ సెవెన్ హిల్స్. ఊరు పొడవునా ఆస్పత్రులున్నాయి గానీ, గుండెనొప్పి వచ్చినప్పుడు గోపాలపట్నం నుంచి ఆరిలోవ దాకా వెళ్లలేరు. ఇంటికి అరగంటలో చేరగల రెండు ఆస్పత్రులు, మీ డాక్టరు పనిచేసే ఆస్పత్రి, ఈ మూడూ బీమా సంస్థతో ఒప్పందమున్న నెట్‌వర్క్‌లో ఉండాలి. వెబ్‌సైట్ జాబితాను నమ్మకండి. ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కు వెళ్లి పాలసీ పేరు చెప్పి 'ఈ నెలలో దీనికి క్యాష్‌లెస్ నడుస్తోందా?' అని అడగండి. చార్జీల దగ్గర పేచీ వచ్చి ఆపేసిన సంస్థల పేర్లు వాళ్లే చెబుతారు.

8. ప్రపోజల్ ఫారం మీరే నింపండి

ఏజెంటు ఖాళీ ఫారం మీద సంతకం పెట్టించుకుని 'జబ్బులు' అన్న గడిలో 'లేదు' రాసేస్తే, మూడేళ్ల తర్వాత క్లెయిము తిరస్కరించేది మీకు, అతనికి కాదు. బీపీ ఎప్పటినుంచి, ఏ మాత్ర, ఎంత మోతాదు, పదేళ్ల కిందటి గర్భసంచి ఆపరేషన్, ఆపేసిన థైరాయిడ్ మాత్ర, అన్నీ రాయండి. ఆస్పత్రిలో చేరేటప్పుడు జూనియర్ డాక్టరు కేస్ షీట్ మీద 'బీపీ, 8 ఏళ్లుగా' అని రాస్తారు. సంస్థ మొదట చూసేది ఆ కాగితమే. ఇంట్లోవాళ్లు కంగారులో ఏళ్లు తప్పు చెప్పినా అదే రికార్డవుతుంది, కాబట్టి తేదీలు ఒక కాగితం మీద రాసి ఫైల్లో ఉంచండి.

నిజం రాస్తే లోడింగ్, అంటే అదనపు ప్రీమియం, వేస్తారు, వేయనివ్వండి. 60 నెలలు విరామం లేకుండా సాగాక మోసం రుజువైతే తప్ప దాచారన్న సాకుతో క్లెయిము కాదనలేరు. ఆ రక్షణ ఉంది కదా అని దాచిపెట్టి ఐదేళ్లు దేవుడి మీద భారం వేయడం తెలివైన పని కాదు.

ప్రీమియం ఆవిడ లేదా ఆయన బ్యాంకు ఖాతా నుంచే కట్టండి. నగదుగా కడితే ఆదాయపు పన్నులో 80డిగా చెప్పుకునే ప్రీమియం మినహాయింపు రాదు. పాత పన్ను విధానంలో ఉన్నవారికే అది వర్తిస్తుంది, ఇద్దరిలో ఒకరు 60 నిండినవారైతే 50,000 వరకు. 2025 సెప్టెంబరు 22 నుంచి విడి హెల్త్ పాలసీల మీద జీఎస్టీ లేదు, ఎవరైనా 18 శాతం కలిపిన కొటేషన్ చూపిస్తే అది పాతది.

9. పాలసీ చేతికొచ్చాక

పేరు, పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయాయా, మీరు రాసిన జబ్బులన్నీ ఎక్కాయా, మైగ్రేషన్ అయితే పాత ఏళ్ల లెక్క అందులో కనబడుతోందా అని అదే రోజు చూడండి. కవర్ మొదలైన తేదీ '1-7' అని ఉండి నిరీక్షణ మినహాయింపు గడి ఖాళీగా ఉంటే, మైగ్రేషన్ అడిగి కొత్త పాలసీ తీసుకున్నట్టే. నచ్చకపోతే వెనక్కిచ్చేయడానికి 30 రోజులుంటుంది.

ముందే అనుకున్న ఆపరేషన్ అయితే చేరడానికి 48 గంటల ముందు తెలియజేయండి. క్యాష్‌లెస్ అడిగిన గంటలో అనుమతి, డిశ్చార్జి బిల్లు పంపిన 3 గంటల్లో తుది నిర్ణయం రావాలన్నది నిబంధన. రాకపోతే టీపీఏ (సంస్థ తరఫున క్లెయిములు చూసే మధ్యవర్తి) డెస్క్ ముందు కూర్చోకుండా సంస్థ నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. క్లెయిము కాదంటే ఏ క్లాజు కింద కాదన్నారో రాతలో అడగండి, సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి, ఐఆర్‌డీఏఐ ఫిర్యాదుల వెబ్‌సైట్ బీమా భరోసా పోర్టల్‌లో నమోదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోపు పాలసీదారుల ఫిర్యాదులు తేల్చే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లొచ్చు. ఆంధ్రప్రదేశ్ ఆ కార్యాలయం కిందే వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల వరకు తీర్పు ఇవ్వగలరు.

రెన్యువల్ తేదీని ఇద్దరి ఫోన్లలోనూ పెట్టండి. ఏడాదికోసారి కట్టేవారికి 30 రోజుల గడువుంటుంది, ఆలోపు కడితే గడిచిన ఏళ్ల లెక్క పోదు. కానీ కట్టేదాకా మధ్యలో ఆస్పత్రిలో చేరితే ఆ బిల్లు మీదే.